వాసన రాని తాగుడు

మా నాయన తాగేవాడు. ఈ మాట మా ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పలమనేరు సంతకు ఆవును తోలుకుపోయి, ఆవునూ అమ్మిన డబ్బునూ రెండిటినీ పోగొట్టుకుని, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా తిరిగొచ్చిన మనిషి ఆయన. నేను బడి నుంచి వచ్చేటప్పుడు రోడ్డు మీద బస్సులు ఆగే చోట అరుగు మీద పడి ఉండేవాడు. నేను స్నేహితులతో గట్టిగా ఏదో మాట్లాడుతూ, అటు చూడనట్టు దాటిపోయేవాణ్ణి. అందుకే జన్మలో సారా ముట్టలేదు. పెళ్లిళ్లలో, చావుల్లో, ఓట్లప్పుడు ఊరికే పోస్తామన్నా ముట్టలేదు. నాకున్న ఆస్తి రెండు జెర్సీ ఆవులు, కాస్త టమాటా మడి, తాగడన్న పేరు. మొదటి రెండిటికంటే ఆ మూడోదాన్నే జాగ్రత్తగా చూసుకున్నాను.

ఆ పేరు వల్లే నాకు అర్జునుడి వేషం వచ్చింది. మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర ఏటా ఎండాకాలం భారతం ఆడతారు. అందులో తపస్సు మాను రోజు ఇసకేస్తే రాలనంత జనం. పొడుగాటి మాను నాటి, దానికి మెట్లు కడతారు. అర్జునుడు మెట్టుకొక పద్యం పాడుతూ కొసదాకా ఎక్కి, పైనుంచి నిమ్మకాయలూ పూలూ విసరాలి. కింద బిడ్డలు లేని ఆడవాళ్లు, అవి తమ మీద పడితే కడుపు పండుతుందని, తడిబట్టలతో పడుకుని ఉంటారు. అంతమంది నమ్మకాన్ని మోస్తూ ఎక్కేవాడు కంకణం కట్టుకుని, ఒంటిపూట తిని, మందూ మాంసమూ ముట్టకుండా ఉండాలి. కమిటీ పెద్ద వెంకటముని మా ఆవిడ మునిరత్నమ్మకు సొంత అన్న. "తాగుబోతు కొడుకై ఉండి కూడా నువ్వు తాగవు. అంతకంటే నిష్ఠ ఏముండాది బావా?" అని పోయిన ఏడు వేషం నాకే ఇచ్చాడు. ఆ రోజు నేను ఇంటికి నడిచి వచ్చిన తీరు చూస్తే నిజంగానే గాండీవం మోస్తున్నాననుకుంటారు.

పోయిన చలికాలంలో ఒళ్లు తేడా చేసింది. పొద్దున లేస్తే బాగానే ఉంటాను. పేడ తీస్తాను, పాలు పిండుతాను, మడికి నీళ్లు కడతాను. సాయంత్రం పాల సెంటరుకు పోయే వేళకు ఎడమ కంటి రెప్ప జారిపోతుంది. కాసేపటికి కుడిది. మాట ముక్కులోంచి వస్తుంది. టీ తాగితే ముక్కులోంచి కారుతుంది. సంగటి కాబట్టి మింగితే పోయేది గానీ, ఆదివారం కోడికూర నమలాలంటే దవడలు అలిసిపోయి గడ్డాన్ని అరచేత్తో ఎత్తిపట్టుకోవలసి వచ్చేది. ఎదురుగా వచ్చే మనిషి ఇద్దరుగా కనబడేవాడు. పడుకుని లేస్తే మళ్లీ అన్నీ మామూలే.

తాగేవాడి దినచర్య కూడా సరిగ్గా ఇదే. పొద్దున పెద్దమనిషి, పొద్దుగూకితే రెప్పలు వాలి, నాలుక మందమై, కాళ్లు తడబడే మనిషి. ఊరివాళ్లను తప్పుపట్టనని చెబితే బాగుంటుంది. కానీ పడతాను. ఇన్నేళ్ల నా పేరును వాళ్లు నాలుగు సాయంత్రాలకే పారేశారు.

ఒకరోజు పాల సెంటరులో క్యాను ఎత్తబోతే చేతుల్లో బలం చాలక వదిలేశాను. పాలు కాళ్ల కింద కాలువ కట్టాయి. వెనకాల ఎవరో "నాయన బిడ్డే అనిపించుకున్నాడప్పా" అన్నారు. తిరిగి ఒక మాట అనబోయాను. నోట్లోంచి ముద్దముద్దగా ఏదో వచ్చింది. అందరూ ఇంకా నవ్వారు. తాగలేదని చెప్పడానికైనా నోరు తిరగాలి కదా. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఎవరితోనూ మాట్లాడడం మానేశాను. దాంతో వాళ్ల అనుమానం కాస్తా గట్టిపడింది.

మునిరత్నమ్మ ఒక సాయంకాలం గడపలోనే ఆపింది.

"నోరు తెరువు."

తెరిచాను. చిన్నపిల్లాడి నోరు చూసినట్టు దగ్గరికొచ్చి వాసన చూసింది.

"వాసన రాదే. ఏం తాగతాండావు నువ్వు? మాత్రలా?"

"తాగలా," అన్నాను. అది కూడా సరిగా పలకలేదు. ఆమె మొహం చూసి నేనే తల దించుకున్నాను. చేయని తప్పుకు తల దించుకోవడం ఎంత తేలికో ఆ వేళ తెలిసింది.

ఆమె ఏడ్చుకుంటూ అన్న దగ్గరికి పోయింది. మర్నాడు వెంకటముని వచ్చి మంచం మీద నా పక్కనే కూర్చున్నాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బావా, కాణిపాకం పోయి ఇంక తాగనని ప్రమాణం చేసి రా. స్వామి ముందర చెప్పినాక ఊళ్లో ఎవడూ నోరెత్తడు. అది కాదంటే ఈ ఏడు అర్జునుడు వేరే."

"తాగనే లేదని ప్రమాణం చేస్తాను," అన్నాను. పొద్దున కాబట్టి మాట స్పష్టంగానే వచ్చింది.

అతను నా చేయి పట్టుకున్నాడు. "మేమందరం కండ్లతో సూసినాము కదా. ఆ స్వామి ముందర అబద్ధం చెప్తే కండ్లు పోతాయి. వద్దు బావా, నీకెందుకా పాపం?"

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడితే ఏమవుతుందో మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. గట్టు తగాదాలు, దొంగతనాల తగాదాలు అక్కడ తేలతాయి. అందుకే నా మీద ప్రేమ కొద్దీ వాళ్లు నన్ను నిజం మీద ప్రమాణం చేయనివ్వలేదు. ఇంక తాగనంటే ఇన్నాళ్లూ తాగినట్టు. ప్రమాణం చేయనంటే రేపూ తాగుతానన్నట్టు. మునిరత్నమ్మ వాకిట్లో నిలబడి, "ఒక్క మాట అనేస్తే పోతాది కదా," అంది. ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి. సరే అన్నాను.

మునిరత్నమ్మతో కలిసి కాణిపాకం పోయి, తలస్నానం చేసి, తడిపంచెతో స్వామి ముందు నిలబడి, ఇంక తాగను అన్నాను. నా ముందు ప్రమాణం చేసినవాడు నిజంగా తాగేవాడే. వాడు భోరున ఏడ్చి తేలికైపోయాడు. నాకు ఏడుపు రాలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఎన్నడూ ముట్టనిదాన్ని ముట్టనని ఒట్టు పెట్టుకున్నవాడు ఆ గుడి చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తిరుగు ప్రయాణంలో మా బస్సు మొగిలి ఘాటు ఎక్కే వేళకు పొద్దు వాలింది. నా రెప్పలూ వాలాయి. కండక్టరు ఎక్కడ దిగాలని అడిగితే ఊరి పేరు చెప్పలేకపోయాను. మళ్లీ అడిగాడు. మళ్లీ ముద్దగానే వచ్చింది. పక్క వరసలో మనిషి నా నుదుటి బొట్టు చూసినట్టున్నాడు. "కాణిపాకం కుంకం ఇంకా ఆరనే లేదు, అప్పుడే ఏసేసినాడు సూడు," అన్నాడు. బస్సులో నవ్వులు లేచాయి.

నా పక్కనున్న మునిరత్నమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. లేచి, ముందుకు పోయి, ఆడవాళ్ల మధ్యలో కూర్చుంది. నేనెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

నాకు అరుగు మీది నాయన గుర్తొచ్చాడు. ఆయన కళ్లు మూసుకుని ఉండేవాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. రెప్పలు వాలినంత మాత్రాన కనబడకుండా పోదు. నేను దాటిపోవడం ఆయన రోజూ చూశాడేమో.

బస్సు దిగాక ఆమె కొంగు ముఖం మీంచి తీసింది. తర్వాత నా వైపు తిరిగి, నాతో అన్నట్టూ తనలో తాను అన్నట్టూ అడిగింది.

"పొద్దున్నించి నా పక్కనే ఉండావు. యాడ తాగినావు నువ్వు?"

తాగుడు కాకపోతే ఇది ఇంకేదో అని ఇద్దరికీ అప్పుడు తోచింది. మర్నాడు తిరుపతి పెద్దాసుపత్రికి పోయాం.

వార్డుల మధ్య నడుస్తుంటే ఒక చోట 'మద్యం మాన్పించు విభాగం' అని బోర్డు కనిపించింది. బయట బల్ల మీద మనుషులు వణుకుతూ కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకణ్ణని ఎవరైనా అనుకుంటారేమోనని ముఖం తిప్పుకుని, అడుగులు పెంచాను. నా మీద అందరూ వేసిన చూపునే నేను వాళ్ల మీద వేశాను.

నరాల డాక్టరు జయంతి వయసులో చిన్నది. నన్ను పైకప్పు వైపు రెప్ప వాల్చకుండా చూడమంది. కాసేపటికే రెప్పలు దిగిపోయాయి. ఒకటి నుంచి అంకెలు గట్టిగా లెక్కపెట్టమంది. పోనుపోను గొంతు ముక్కులోకి పోయింది. నేను సిగ్గుపడి ఆపేస్తే, "ఆపకండి, అదే నాకు వినాలి," అంది. తర్వాత చేతి తొడుగులో మంచుముక్కలు పోసి ఎడమ కంటి మీద పెట్టింది. తీశాక అద్దం ఇచ్చింది. ఆ కన్ను పూర్తిగా తెరుచుకుని ఉంది. మునిరత్నమ్మ అద్దంలోకి కాకుండా నేరుగా నా కంటిలోకి చూసింది.

రక్తపరీక్షలూ, నరాలకు కరెంటు పెట్టి చూసే పరీక్షా అయ్యాక డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. మయస్తీనియా. "మెదడు కండకు కబురు పంపుతుంది. ఆ కబురు అందుకునే తలుపులు కండ మీద ఉంటాయి. బయటి క్రిములతో పోరాడాల్సిన మీ ఒంటి కాపలా దళమే పొరపాటున ఆ తలుపుల్ని శత్రువనుకుని మూసేస్తోంది, పాడు చేస్తోంది. పొద్దున విశ్రాంతి మీద ఉంటారు కాబట్టి మిగిలిన తలుపులతో పని జరిగిపోతుంది. వాడేకొద్దీ కండ అలిసిపోతుంది."

"ఎందుకొచ్చిందమ్మా?" మునిరత్నమ్మ అడిగింది. "దోషమేమన్నా ఉండాదా? తినకూడనిది తిన్నాడా?"

"కచ్చితంగా ఇదీ కారణమని చెప్పలేం. రొమ్ము ఎముక వెనక ఒక గ్రంథి ఉంటుంది. కాపలా దళానికి చిన్నప్పుడు చదువు చెప్పేది అదే. కొందరికి అది పెద్దయ్యాక కూడా తప్పుడు పాఠం చెబుతుంది. స్కాన్ తీసి చూద్దాం, అవసరమైతే ఆపరేషన్ చేసి తీసేస్తారు. ఒకటి మాత్రం నిజం. ఇది ఆయన చేసిన తప్పు కాదు."

ఇంతమందిలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె. నా కంట్లో నీళ్లు తిరిగాయి. డాక్టరు ముందు ఏడ్చినందుకు మళ్లీ సిగ్గేసింది. ఆ రోజుల్లో నాకు దేనికైనా సిగ్గే.

కబురు బాగా అందడానికి పూటపూటకూ ఒక మాత్ర, కాపలా దళాన్ని చల్లబరచడానికి స్టెరాయిడ్ రాసింది. వేరే జబ్బుకు మందు వాడే ముందు తనకు చెప్పాలంది, ఊపిరి ఆడకపోతే క్షణం ఆగకుండా రమ్మంది. బరువులెత్తొద్దంది. మాను ఎక్కే సంగతి అడిగితే నా వైపు వింతగా చూసి, "చేతులు ఎప్పుడు వదిలేస్తాయో మీకు తెలుసా?" అంది. తెలియదన్నాను.

మాత్ర పని చేసింది. వేసుకున్న కాసేపటికి రెప్పలు లేచేవి, మాట తేటపడేది. నెమ్మదిగా సాయంత్రం కూడా మనిషినయ్యాను. స్టెరాయిడ్‌కు బుగ్గలు ఉబ్బి గుండ్రంగా తయారయ్యాయి. ఊరు ఊరంతా చూసింది. చూసి ఒకే మాట అంది. ప్రమాణం ఫలించింది.

"తాగుడు మానేసి ఒళ్లు సేసినాడప్పా దేవరాజులు," అన్నారు నా గురించి పాల సెంటరులో. పోయిన నెల నవ్వినవాళ్లే లేచి చోటిచ్చారు. వెంకటముని ఇంటికొచ్చి మరీ కౌగిలించుకున్నాడు. "ఈ ఏడు మాను నువ్వే ఎక్కల్ల. మానేసినోడు ఎక్కితే ఇంకా మహిమ."

అతను వెళ్లాక నిజం చెప్పేద్దామని మునిరత్నమ్మతో అన్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది.

"నువ్వు తాగతావని అన్నతో సెప్పి ఊరంతా నమ్మించింది నేనే. ఇప్పుడు కాదని ఏ మొగం పెట్టుకుని సెప్పేది?" అంది. తర్వాత చేట పక్కన పెట్టింది. "అయినా తాగి మానేసినోడికి మర్యాద ఉండాది. రోగిష్టోడికి యాడుండాది?"

ఆమె మాటలో అబద్ధం లేదు. నేను నోరు మూసుకున్నాను. మాను సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను. పడిన నింద మీదే ఇల్లు కట్టుకుని కాపురం పెట్టాను. ఎవరైనా భుజం తట్టినప్పుడల్లా నాయన చేయి పడినట్టు ఉండేది.

భారతానికి కంకణాలు కట్టే ముందు ఒక పొద్దున కోమలి వచ్చింది. మా వీధి చివర పిల్ల. వెనకాలే మొగుడు మునికుమార్, టమాటా మండీలో బాక్సులు ఎత్తే మనిషి. తాగుతాడని వేరే చెప్పే పని లేదు, మొహమే చెబుతోంది.

"అన్నా, ఈయనకు నువ్వు సెప్పు. ఎవురి మాటా ఇనడు. నీ మాట ఇంటానన్నాడు," అంది కోమలి.

మునికుమార్ పశువుల కొట్టంలో నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నేల చూస్తూ అడిగాడు.

"ఎట్ల మానేసినావన్నా? నేను రెండు తూర్లు మానేసినా. మూడో దినానికి సేతులు వణుకుతాయి. గోడ మీద పురుగులు పాకతాండేట్టు కనిపిస్తాయి. నీకు రాలేదా? వస్తే ఎట్ల ఓర్చుకున్నావు?"

నా దగ్గర ఏముంది చెప్పడానికి? స్వామి మీద భారం వెయ్యి అనొచ్చు. అని పంపిస్తే వాడు మూడో రోజు పురుగుల మధ్య ఒంటరిగా ఉంటాడు. నాకు రాని వణుకును నేను ఎలా ఓర్చుకున్నానని చెప్పను? ఊరిచ్చిన మర్యాదంతా ఆ క్షణాన దొంగసొమ్ములా అనిపించింది.

"నేను ఎప్పుడూ తాగలేదప్పా," అన్నాను.

వాడు తలెత్తి నన్ను జాలిగా చూశాడు. "అందరం అట్లనే అంటామన్నా. మా అమ్మతో నేను ఇన్నేండ్లూ అట్లనే అన్నా."

వాడి గొంతులో ఎగతాళి లేదు. నన్ను ఓదారుస్తున్నాడు. నా జీవితంలో నేను పడిన సిగ్గులన్నిటిలో పెద్దది అదే.

మాత్ర వేసుకునే వేళ దాటుతోంది. వేసుకోలేదు. "ఉండు, పోవద్దు," అని వాడి ముందే కొట్టం కప్పు వైపు కళ్లెత్తి నిలబడ్డాను. తపస్సు మాను మొదటి మెట్టు పద్యం ఎత్తుకున్నాను. మూడో పాదానికి గొంతు ముక్కులోకి పోయింది. ఆపలేదు. రెప్పలు జారాయి. ఇన్నాళ్లూ ఎవరూ చూడకూడదని దాచుకున్నదంతా వాళ్లిద్దరి ముందు, పొద్దున ఎండలో, బట్టలు విప్పి నిలబడినట్టు చూపించాను. కోమలి భయపడి లేచి నిలబడింది.

మునిరత్నమ్మ ఎప్పుడు వచ్చిందో ఫ్రిజ్‌లోని మంచుముక్కలు గుడ్డలో కట్టి తెచ్చింది. ఏమీ అడక్కుండా నా కంటి మీద అదిమి పట్టుకుంది. తీసేసరికి రెప్ప లేచింది.

"ఇది రోగం," అంది కోమలితో, నేల చూస్తూ. "ఈయన ఒక్కనాడూ తాగలేదు. తాగినాడని సెప్పి ఈయన పేరు తీసింది నేనే."

మునికుమార్ దగ్గరికొచ్చి నా కంటిలోకి చూశాడు. చిన్న గొంతుతో, "అయితే మానేసినోడు మనూళ్లో ఒక్కడూ లేడాన్నా?" అన్నాడు.

నాకు గుర్తొచ్చింది ఒకటే, నేను ముఖం తిప్పుకుని దాటిపోయిన ఆ బోర్డు. "తిరుపతిలో మాన్పించే డాక్టర్లుండారు. వణుకుడికీ మందుండాది. నేను తోడొస్తా," అన్నాను.

ఆ సాయంత్రమే వెంకటమునితో మాను ఎక్కలేనని చెప్పాను. జబ్బు సంగతి కూడా చెప్పాను. మంచుముక్కల దాకా చెప్పాను. అతను అంతా విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "మళ్లీ మొదులుపెట్టినావా బావా?" అన్నాడు. పక్కనున్న మునిరత్నమ్మ అన్నను అడ్డుకుని అరిచినా, పెళ్లాం మొగుణ్ణి వెనకేసుకొస్తోందనే అనుకున్నాడు. వేషం ఇంకొకరికి పోయింది.

మునికుమార్‌కు ధైర్యం రావడానికి రోజులు పట్టింది. వచ్చిన రోజు సరిగ్గా తపస్సు మాను రోజే. తిరుపతి బస్సు కోసం మేమిద్దరం రోడ్డు మీద అరుగెక్కి కూర్చున్నాం. ముందురోజు నుంచి వాడు చుక్క ముట్టలేదు, రెండు చేతులూ వణుకుతున్నాయి. బస్సు ఆలస్యమై నా మాత్ర బలం దిగిపోయింది. ఇంకొకటి వేసుకున్నాను గానీ అది పట్టడానికి టైం కావాలి. గుడి దగ్గర మద్దెల మోగుతోంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన బస్సులు మా ముందే ఆగుతున్నాయి. దిగినవాళ్లు దిగినట్టు మమ్మల్ని చూసి పోతున్నారు.

"ఆ రెప్పలు వాలినోడే పోయిన ఏడు అర్జునుడు," అన్నారెవరో. "ఇద్దరూ ఒకే అంగట్లో ఏసినట్టుండారు."

మునికుమార్ లేవబోయాడు. "నేను ఆ పక్క నిలబడతా అన్నా. నా పక్కన కూసుంటే నీ పేరు పోతాది."

వాడి చేయి పట్టుకున్నాను. సిగ్గు వేయలేదంటే అబద్ధం. వేసింది, చెవులు కాలేంతగా వేసింది. ఇదే అరుగు పక్కన బడి సంచీ తగిలించుకుని, అటు చూడకుండా పోయే పిల్లవాడు గుర్తొచ్చాడు. వాడు ఒక్కసారి ఆగి ఇలా కూర్చుని ఉంటే ఏం పోయేదో నాకు తెలియదు. నా చేతిలో బలం అంతంతమాత్రం. ఉన్నదంతా పెట్టి, బస్సు వచ్చేదాకా, వాడి చేయి పట్టుకునే కూర్చున్నాను.